డిప్రెషన్‌లో మందు ఎంత, నమ్మకం ఎంత?

2002లో అమెరికాలో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు బయటికొచ్చాయి. డిప్రెషన్‌తో బాధపడుతున్న 340 మందిని మూడు గుంపులు చేశారు. ఎనిమిది వారాలపాటు ఒక గుంపుకు సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక, రెండో గుంపుకు సెర్ట్రలిన్ అనే పేరుపొందిన డిప్రెషన్ మందు, మూడో గుంపుకు లోపల ఏ మందూ లేని డమ్మీ మాత్ర, అంటే ప్లాసిబో, ఇచ్చారు. ఎవరు ఏది వేసుకుంటున్నారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. చివర్లో లెక్క తీస్తే బాగా కోలుకున్నవాళ్లు మూలిక గుంపులో 24 శాతం, సెర్ట్రలిన్ గుంపులో 25 శాతం. డమ్మీ మాత్ర గుంపులో 32 శాతం.

ఇలాంటి అంకెలు చూడగానే కొందరు "డిప్రెషన్ మందులన్నీ ఉత్త మోసం" అనేస్తారు. ఇంకొందరు "చక్కెర బిళ్ళతో తగ్గేదానికి జబ్బని పేరెందుకు, అంతా మనసులో ఉంది" అంటారు. మొదటివాళ్లు లెక్క దగ్గర పొరబడుతున్నారు. రెండోవాళ్ల పొరపాటు ఇంకా లోతుగా ఉంది. దాని దగ్గరికి కాసేపాగి వస్తాను.

డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లలో 32 శాతం కోలుకున్నారంటే, ఆ 32 శాతాన్నీ డమ్మీ మాత్రే బాగు చేసిందని కాదు. డిప్రెషన్ ఒకే తీరుగా ఉండే జబ్బు కాదు, ఎగుడుదిగుడుగా నడుస్తుంది. నెలల తరబడి పట్టి పీడించి, చాలామందిలో ఏ చికిత్సా లేకుండానే కొంత సడలుతుంది. మళ్లీ రావచ్చు కూడా. మనిషి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తాడు? ఇక నావల్ల కాదనుకున్నప్పుడు, అంటే ఆ ఎగుడుదిగుళ్లలో బాగా అడుగుకు చేరినప్పుడు. అడుగున ఉన్నవాడు ఆ తర్వాత కాస్త పైకి రావడానికే అవకాశం ఎక్కువ. జలుబు బాగా ముదిరిన రోజున ఏది మింగినా మూడు రోజుల తర్వాత అదే తగ్గించినట్టు కనిపించడం ఇలాంటిదే.

కొలిచే పద్ధతిలోనూ ఒక తిరకాసు ఉంది. డిప్రెషన్‌కు రక్తపరీక్ష లేదు. 1960లో మాక్స్ హామిల్టన్ అనే సైకియాట్రిస్టు తయారుచేసిన స్కేలునే ట్రయల్స్‌లో ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నారు. నిద్ర, ఆకలి, పనిమీద ఆసక్తి, తప్పు చేశానన్న బాధ, ఇలా 17 అంశాలకు డాక్టరు మార్కులు వేస్తారు. అన్నీ కలిపితే గరిష్ఠం 52. ఎన్ని ఎక్కువ మార్కులుంటే జబ్బు అంత తీవ్రం. ట్రయల్‌లో చేరాలంటే కనీసం ఇన్ని మార్కులుండాలని నియమం పెడతారు, ఉదాహరణకు 20 అనుకుందాం. మనుషులు దొరక్క అవస్థపడుతున్న ట్రయల్‌లో, 18 దగ్గర ఆగాల్సిన మనిషికి 20 పడిపోవడం పెద్ద వింతేమీ కాదు. ఎవరూ కావాలని చేయరు. "కొంచెం నిద్ర పడుతోంది" అన్న మాటను ఎలా రాసుకుంటారన్న చోట చేయి ఒకవైపు ఒరుగుతుంది. చేరిపోయాక ఆ ఒత్తిడి ఉండదు కాబట్టి వచ్చే వారం మళ్లీ 18 పడుతుంది. మాత్ర ఏదైనా సరే, కాగితం మీద రెండు మార్కులు తగ్గినట్టే.

పైగా ట్రయల్‌లో చేరిన మనిషిని ఎవరో ఒకరు క్రమం తప్పకుండా పిలిచి కూర్చోబెట్టి, ఎలా ఉన్నావు, నిద్ర పట్టిందా, ఏం తిన్నావు అని అడుగుతారు. చెప్పింది శ్రద్ధగా రాసుకుంటారు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి మామూలు జీవితంలో ఇంత శ్రద్ధ దొరకడం కష్టం.

ఇవన్నీ తీసేశాక మిగిలేదే అసలు ప్లాసిబో ఎఫెక్ట్. "మందు పడింది, ఇక తగ్గుతుంది" అన్న ఎదురుచూపు శరీరంలో, మనసులో చేసే పని అది. దాన్ని విడిగా కొలవాలంటే డమ్మీ మాత్ర కూడా ఇవ్వని గుంపు ఒకటి ఉండాలి. అలాంటి ట్రయల్స్ తక్కువ. 1998లో ఇర్వింగ్ కిర్ష్, గై సాపిర్‌స్టీన్ అనే మనస్తత్వ పరిశోధకులు అందుబాటులో ఉన్న ట్రయల్స్‌ని కలిపి ఒక అంచనా వేశారు. మందు వేసుకున్నవాళ్లలో కనిపించే మెరుగుదలలో సుమారు పావు వంతు మందు రసాయనానిది, సగం ప్లాసిబోది, మిగతా పావు వంతు కాలం, ఇతర కారణాలది అన్నారు. దానిమీద పెద్ద దుమారమే రేగింది. మూడేళ్ల తర్వాత డెన్మార్క్ పరిశోధకులు ఇద్దరు రకరకాల జబ్బులమీద జరిగిన 114 ట్రయల్స్ తీసుకుని, ప్లాసిబోను ఏ చికిత్సా లేని గుంపుతో పోల్చి, దాని బలం గురించి మనం చెప్పుకునేదంతా అతిశయోక్తే అన్నంత పని చేశారు. వాళ్లకు కొద్దోగొప్పో ప్రభావం కనిపించింది నొప్పిలాంటి, రోగి తానుగా చెబితే తప్ప తెలియని బాధల్లోనే. మూడ్ కూడా అలాంటిదే కదా.

మందుల విషయంలో నిజం ఎక్కడుంది? మొదట పరిశోధకులే దాన్ని సగం కప్పేశారని చెప్పాలి. 2008లో ఎరిక్ టర్నర్ బృందం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గరున్న 74 ట్రయల్స్ ఫైళ్లను, జర్నల్స్‌లో అచ్చయిన పేపర్లతో పక్కపక్కన పెట్టి చూసింది. మందు నెగ్గిందని ఎఫ్‌డీఏ ఒప్పుకున్న 38 ట్రయల్స్‌లో 37 అచ్చయ్యాయి. నెగ్గనివి, అటూ ఇటూ తేలనివి 36. వాటిలో 22 అసలు వెలుగు చూడలేదు. 11 మాత్రం మందు నెగ్గినట్టు కనిపించేలా అచ్చయ్యాయి. జర్నల్స్ మాత్రమే చదివే డాక్టరుకు ఈ మందులు దాదాపు ప్రతిసారీ గెలిచినట్టు అనిపిస్తుంది. ఫైళ్లు చూస్తే గెలుపు సగం సార్లే.

దాచినవన్నీ బయటికి తీసి కలిపి చూసినా మందులు ఓడిపోలేదు. 2018లో ఆండ్రియా చిప్రియాని బృందం 522 ట్రయల్స్, లక్షకు పైగా రోగుల లెక్కలు తీసి, పరిశీలించిన 21 మందులూ ప్లాసిబో కన్నా మెరుగేనని తేల్చింది. ఎంత మెరుగు అన్నదే పేచీ. 2022లో ఎఫ్‌డీఏ దగ్గరున్న 73,388 మంది వివరాలను ఒక్కొక్కరిగా తీసుకుని లెక్కించినప్పుడు, డమ్మీ మాత్రతో హామిల్టన్ స్కేలుమీద సగటున 8 మార్కులు తగ్గితే మందుతో 9.8 తగ్గాయి. తేడా రెండు మార్కులు కూడా లేదు. కానీ ఇక్కడ సగటును నమ్ముకుంటే దెబ్బతింటాం. అదే లెక్కలో ఇంకో సంగతి బయటపడింది. మందు అందరికీ తలా రెండు మార్కులు పంచిపెట్టడం లేదు. ప్లాసిబోతో రాని పెద్ద మెరుగుదల సుమారు 15 శాతం మందికి మందుతో వస్తోంది, మిగతావాళ్లకు తేడా పెద్దగా లేదు. ఆ 15 శాతంలో ఉన్న మనిషికి "సగటు తేడా రెండు మార్కులే" అని చెప్పడం క్రూరంగానే ఉంటుంది.

ఈ తీసివేతలో నాకు నచ్చని సంగతి ఇంకొకటి ఉంది. 9.8లోంచి 8 తీసేస్తే మిగిలిందే మందు బలం అనడం, రెండూ వేటికవే విడిగా పనిచేస్తాయన్న ఊహమీద నిలబడి ఉంది. ఆగిపోయిన బండిని ఒకరు తోస్తే ఎనిమిది అడుగులు కదిలింది, ఇద్దరు తోస్తే పది అడుగులు. రెండోవాడి బలం రెండు అడుగులేనా? రోడ్డు అక్కడినుంచి ఎత్తెక్కుతుండవచ్చు. ఇద్దరూ ఒకేచోట భుజం పెట్టి ఉండవచ్చు. మెదడులో అలాంటిదే జరుగుతోందనడానికి కొంత ఆధారం ఉంది. 2002లో హెలెన్ మేబర్గ్ బృందం ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందుతో కోలుకున్నవాళ్లనూ, ప్లాసిబోతో కోలుకున్నవాళ్లనూ, మెదడులో ఏ భాగం ఎంత చురుగ్గా ఉందో చూపే పెట్ స్కాన్ తీసి చూసింది. మెదడు పైపొరలో, లోపలి కొన్ని భాగాల్లో మార్పులు రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉన్నాయి. ఫ్లూఆక్సెటిన్ గుంపులో వాటికి అదనంగా మెదడు కాండంలో, జ్ఞాపకాలతో సంబంధమున్న హిప్పోక్యాంపస్ అనే భాగంలో కూడా మార్పు కనిపించింది. చూసింది కొద్దిమందినే కాబట్టి దీనిమీద మరీ పెద్ద మేడ కట్టకూడదు. అయినా నమ్మకం వల్ల తగ్గితే అది ఊహ, మందు వల్ల తగ్గితేనే నిజం అన్న విభజన ఆ స్కాన్లలో కనిపించదు.

2015లో మిషిగన్ యూనివర్సిటీలో ఇంకాస్త తెలివైన ప్రయోగం జరిగింది. మందులేవీ వాడని 35 మంది డిప్రెషన్ రోగులకు ఒక వారం ఒక మాత్ర ఇచ్చి ఇది త్వరగా పనిచేసే మందు అన్నారు. ఇంకో వారం ఇంకో మాత్ర ఇచ్చి ఇందులో ఏమీ లేదన్నారు. నిజానికి రెండింట్లోనూ ఏమీ లేదు. "మందు" అని చెప్పిన వారం తేలికపడ్డవాళ్ల మెదడులో, శరీరం తానుగా తయారుచేసుకునే ఓపియాయిడ్ల విడుదల ఎక్కువగా కనిపించింది. నొప్పిని తగ్గించే పదార్థాలివి. అసలు విశేషం దీని తర్వాత ఉంది. ఆ పైన అందరికీ పది వారాలు నిజం మందు ఇస్తే, డమ్మీకి బాగా స్పందించినవాళ్లే అసలు మందుకూ బాగా స్పందించారు.

రోగికి ఏం చెప్పి ఇచ్చారన్నది మందు ఫలితాన్నే మార్చగలదు. స్వీడన్‌లో 2017లో, నలుగురిలోకి వెళ్లాలంటేనే వణికిపోయే సోషల్ యాంగ్జైటీ ఉన్న 46 మందికి ఎస్సిటలోప్రామ్ అనే మందు ఇచ్చారు. అందరికీ అదే మందు, అదే మోతాదు, తొమ్మిది వారాలు. సగం మందికి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మిగతా సగానికి, ఇది సైడ్ ఎఫెక్ట్స్ తప్ప ఆందోళన తగ్గించే గుణం లేని మాత్ర అని చెప్పారు. నిజం తెలిసినవాళ్లలో సగం మందికి గుణం కనిపించింది. తెలియనివాళ్లలో 14 శాతం మందికే. మింగిన రసాయనంలో వీసమంత తేడా లేదు. అదే ఏడాది కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు డిప్రెషన్ రోగులమీద దీనికి దగ్గరి ప్రయోగమే చేశారు. "తప్పకుండా మందే ఇస్తున్నాం" అని చెప్పి సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు ఇచ్చినప్పుడు, "మందో డమ్మీయో చెప్పలేం" అని అదే సిటలోప్రామ్ ఇచ్చినప్పటి కన్నా ఎక్కువ మెరుగుదల వచ్చింది.

మందును డమ్మీతో పోల్చే ట్రయల్స్‌లో ఒక చిక్కు ఉంది. మందు వేసుకుంటున్నవాళ్లకు నోరెండటమో, వికారమో వచ్చి తాము ఏ గుంపులో ఉన్నారో పసిగట్టేస్తారు. పసిగట్టగానే ఆశ పెరుగుతుంది. డిప్రెషన్‌కు కూడా వాడి చూస్తున్న మత్తుమందు కెటమిన్ విషయంలో ఇది మరీ ఎక్కువ, తేలిపోతున్నట్టు అనిపించాక ఎక్కింది సెలైన్ అని ఎవరు నమ్ముతారు? 2023లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు దీనికొక ఉపాయం కనిపెట్టారు. ఏదో ఒక ఆపరేషన్‌కు వస్తున్న 40 మంది డిప్రెషన్ రోగులకు, పూర్తి మత్తులో ఉన్నప్పుడే కొందరికి కెటమిన్, కొందరికి సెలైన్ ఎక్కించారు. లేచాక తమకు ఏది ఎక్కిందో చాలామంది సరిగ్గా చెప్పలేకపోయారు. డిప్రెషన్ రెండు గుంపుల్లోనూ బాగా తగ్గింది, తేడా లేదు. కెటమిన్ పనిచేయదని దీంతో తేలిపోదు, మత్తు దాని పనిని అణచి ఉండవచ్చు, ఆపరేషన్ సమయంలో దొరికిన శ్రద్ధే మూడ్‌ను లేపి ఉండవచ్చు. అయితే ఇదివరకటి ట్రయల్స్‌లో కనిపించిన మెరుగుదలలో ఆశ వాటా ఎంత అన్న ప్రశ్నను మాత్రం ఇక తోసిపుచ్చలేం.

మొదట్లో చెప్పిన మూలిక ట్రయల్‌కు కూడా ఇలాంటి తోక ఒకటి ఉంది. మీరు వేసుకున్నది ఏదనుకుంటున్నారు అని అప్పట్లోనే రోగుల్ని అడిగి పెట్టుకున్నారు. తర్వాత 2011లో ఆ జవాబులు విశ్లేషిస్తే, మెరుగుదలకు సంబంధం నిజంగా వేసుకున్న మాత్రతో కన్నా, వేసుకున్నామని అనుకున్న మాత్రతోనే ఎక్కువ ఉంది. ఇందులో ఏది ముందు, ఏది వెనుక అన్నది తేల్చడం కష్టం. అసలు మందే దొరికిందనుకోవడం వల్ల తేలికపడ్డారా, తేలికపడటం వల్ల అసలు మందే దొరికిందనుకున్నారా? రెండూ కొంత కొంత అయి ఉంటాయి.

ఇక "అంతా మనసులో ఉంది" అనేవాళ్ల సంగతి. విరిగిన కాలికి ఆశ బయటి వస్తువు. అతుక్కుంటుందని నమ్మినా నమ్మకపోయినా ఎముక తన పని తాను చేసుకుపోతుంది. డిప్రెషన్‌లో అలా కాదు. రేపు ఇవాళ్టి కన్నా బాగుంటుందని అనిపించకపోవడమే ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి. అమెరికా సైకియాట్రిస్టు ఆరన్ బెక్ 1960లలోనే దీన్ని గుర్తించారు. డిప్రెషన్ రోగి తన గురించి, లోకం గురించి, భవిష్యత్తు గురించి ఒకే రకం చీకటి తీర్పు ఇస్తుంటాడని ఆయన గమనించారు. అంటే ప్లాసిబో ఏ యంత్రాన్ని కదిలిస్తుందో, జబ్బు పాడు చేసేది సరిగ్గా ఆ యంత్రాన్నే. డిప్రెషన్ ట్రయల్స్‌లో ప్లాసిబో ఇంత గట్టిగా కనిపించడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. "తగ్గుతుంది" అన్న చిన్న నమ్మకం ఇక్కడ చికిత్సకు తోడు మాత్రమే కాదు, జబ్బులో ఒక ముక్క తగ్గడం కూడా.

అలాగని "కాస్త ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు" అని రోగికి చెబితే పనవుతుందా? కాదు, దానికీ కారణం ఇదే. నడవలేనివాడికి లేచి నాలుగడుగులు వేస్తే కాళ్లు బాగవుతాయని చెప్పినట్టుంటుంది. ఆశపడే శక్తే పోయిందని మొర పెట్టుకుంటున్న మనిషిని ఆశపడమని దబాయించడం అది. జర్మనీలో విన్‌ఫ్రీడ్ రీఫ్, టోబియాస్ కూబె లాంటి పరిశోధకులు ఇంకో సంగతి కూడా చూపించారు. అనుకున్నదానికన్నా మంచి ఫలితం ఎదురైతే మామూలు మనిషి తన అంచనా మార్చుకుంటాడు. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఆ మంచి ఫలితానికే వంక పెడతాడు. పరీక్ష బాగా రాస్తే "పేపరు తేలిక", ఎవరైనా మెచ్చుకుంటే "మొహమాటానికి అన్నారు". టీకా వైరస్‌ను అడ్డుకున్నట్టు మనసు మంచి వార్తను అడ్డుకుంటుంది. డమ్మీ మాత్ర ఆ కాపలాను ఎలా దాటుతుందో చూడండి. అది "నువ్వు ధైర్యంగా ఉండు" అనదు. "నీ బాధ నిజం, దీన్ని వేసుకో, మిగతాది ఇది చూసుకుంటుంది" అంటుంది. ఆశపడే బరువును కాసేపు రోగి నెత్తిమీంచి దించి మాత్ర నెత్తిన పెడుతుంది.

ఆ మాటను మాత్రకన్నా ముందు పలికేది డాక్టరు. మనకు దీనికి చక్కటి మాట ఉంది, హస్తవాసి. ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదని అంటుంటే చదువుకున్నవాళ్లు నవ్వుకుంటారు. కానీ దీనికీ అంకెలున్నాయి. 1980లలో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ డిప్రెషన్ చికిత్సలమీద పెద్ద అధ్యయనం చేసింది. అందులో తొమ్మిది మంది సైకియాట్రిస్టులు 112 మందికి ఇమిప్రమిన్ అనే మందో, ప్లాసిబోనో ఇచ్చారు. 2006లో ఆ వివరాలు మళ్లీ తీసి చూస్తే, రోగి ఎంత కోలుకున్నాడన్నదాంట్లో మందా డమ్మీయా అన్నదానికి 3 శాతం చిల్లర వాటా ఉంటే, ఏ డాక్టరు చూశారన్నదానికి 9 శాతం వాటా వచ్చింది. బాగా చూసే మూడో వంతు డాక్టర్ల దగ్గర డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లు, అడుగున ఉన్న మూడో వంతు డాక్టర్ల దగ్గర అసలు మందు వేసుకున్నవాళ్ల కన్నా బాగా కోలుకున్నారు. తొమ్మిది మందే కాబట్టి శాతాలను రాతిమీద గీతలా తీసుకోనక్కర్లేదు. అయినా నవ్వుకున్నవాళ్లు ఒకసారి ఆగి ఆలోచించాల్సిన లెక్కే.

ఎదురుచూపు చెడ్డవైపుకూ పనిచేస్తుంది. దాన్ని నోసిబో అంటారు. ట్రైసైక్లిక్ అనే పాతకాలపు డిప్రెషన్ మందుల ట్రయల్స్‌లో డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లు, కొత్త తరం మందుల ట్రయల్స్‌లో డమ్మీ వేసుకున్నవాళ్ల కన్నా ఎక్కువగా నోరెండుతోందని, మలబద్ధకమని, చూపు మసకబారుతోందని చెప్పారు. ట్రైసైక్లిక్‌లకు ఉన్న సైడ్ ఎఫెక్ట్సే అవి. ఏం రావచ్చని ముందు చెప్పారో అదే వచ్చింది. 2007లో వైద్య పత్రికకెక్కిన ఒక కేసు ఇంకా విచిత్రం. డిప్రెషన్ మందు ట్రయల్‌లో ఉన్న 26 ఏళ్ల యువకుడు మోతాదు మించి మింగాననుకుని ఆసుపత్రికి చేరాడు. బీపీ పడిపోతుంటే సెలైన్ ఎక్కించి నిలబెట్టాల్సి వచ్చింది. అతను మింగినవి డమ్మీ మాత్రలని ట్రయల్ వాళ్లు చెప్పేదాకా అదే పరిస్థితి. ఆ మాట విన్నాక సర్దుకున్నాడు.

అబద్ధం చెప్పకుండా ప్లాసిబో ఇవ్వలేమా అని కూడా చూశారు. "ఇందులో మందు లేదు" అని చెప్పే ఇస్తే పేగుల సమస్య ఐబీఎస్‌లో గుణం కనిపించింది. డిప్రెషన్‌లో 2012లో 20 మందితో చేసిన చిన్న ప్రయత్నంలో స్పష్టమైన తేడా రాలేదు. డిప్రెషన్‌కు చక్కెర బిళ్ళనే చికిత్సగా ఇవ్వమని చెప్పేంత సరుకు ఎవరి దగ్గరా లేదు.

చివరికి రోగి అడిగేది ఒకటే. "నాకు తగ్గింది మందు వల్లా, నమ్మకం వల్లా? నమ్మకమే అయితే మందు మానేయవచ్చా?" డమ్మీతో వచ్చిన మెరుగుదల నాలుగు రోజుల ముచ్చటేమీ కాదు. కొన్ని ట్రయల్స్ కలిపి 2008లో చూసినప్పుడు, ప్లాసిబోతో కోలుకున్నవాళ్లలో 79 శాతం మూడు నెలల తర్వాత కూడా బాగానే ఉన్నారు. మందుతో కోలుకున్నవాళ్లలో ఆ లెక్క 93 శాతం. మానేయడం గురించి నేరుగా చెప్పే ట్రయల్ ఇంగ్లండ్‌లో జరిగింది, ఫలితాలు 2021లో వచ్చాయి. చాలాకాలంగా మందు వాడుతూ, ఇప్పుడు బాగానే ఉన్నాం, మానేద్దామా అనుకుంటున్న 478 మందిని తీసుకున్నారు. సగం మందికి మందు కొనసాగించారు. మిగతావాళ్లకు మెల్లగా మోతాదు తగ్గిస్తూ డమ్మీకి మార్చారు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో వాళ్లకు తెలియదు. ఏడాదిలో డిప్రెషన్ తిరగబెట్టింది డమ్మీకి మారినవాళ్లలో 56 శాతానికి, మందు కొనసాగించినవాళ్లలో 39 శాతానికి. మందు ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, నిద్ర చెడటం, చిరాకు లాంటివి వచ్చి జబ్బే తిరగబెట్టిందనిపిస్తుంది. అందుకే ఆ ట్రయల్‌లో కూడా మెల్లగా తగ్గించారు, మామూలుగా కూడా డాక్టరు చూస్తుండగానే తగ్గించాలి. మందు ఆపినా ఏడాదంతా తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 44 శాతం. ఆ 44లో తాను ఉంటానో లేదో మానేయకముందే చెప్పే పరీక్ష మాత్రం ఇప్పటికీ లేదు.